ఆసుపత్రి సంస్కరణ అని ఎవరన్నా, దాన్ని రోగి మంచం దాకా తీసుకెళ్లి చూడటం ఎలా

వైద్య వ్యవస్థను బాగుచేయాలి అనగానే వాదన ఎప్పుడూ ఒకే దారి పడుతుంది. ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటుకు ఇవ్వాలా, బీమా పెట్టాలా, పన్నుల సొమ్ముతో అందరికీ ఉచితంగా చేయాలా. జర్మనీలో బిస్మార్క్ 1883లో కార్మికులకు అనారోగ్య బీమా చట్టం తెచ్చాడు, బ్రిటన్‌లో 1948లో పన్నుల సొమ్ముతో అందరికీ వైద్యం చేసే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది, ఇప్పటికీ చాలా దేశాల్లో ఈ రెండు దారుల మధ్యే తర్జనభర్జన నడుస్తోంది. అవసరమైన చర్చే, కాదనను. కానీ 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఒకటి పేద, మధ్యాదాయ దేశాల లెక్క తీస్తే, సరైన వైద్యంతో ఆపగలిగే మరణాలు ఏడాదికి 86 లక్షల దాకా తేలాయి. అందులో వైద్యం దాకా చేరలేక చనిపోయినవాళ్లు 36 లక్షల మంది. మిగతా 50 లక్షల మంది ఆసుపత్రికి వెళ్లారు, వైద్యం చేయించుకున్నారు, ఆ వైద్యం సరిగా లేక చనిపోయారు.

ఆ 50 లక్షల అంకె చదివాక, ఎవరు ఏ సంస్కరణ చెప్పినా అది రోగి మంచం పక్కన ఏం మారుస్తుందో అడగకుండా వదలకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎలా అడగాలో, వచ్చిన సమాధానాన్ని ఎలా తూచాలో, మీరే ఆసుపత్రిలో పనిచేస్తుంటే దేనితో మొదలుపెట్టాలో ఇక్కడ రాస్తున్నాను. సిస్టర్లకూ, డాక్టర్లకూ, ఆసుపత్రి కమిటీల్లో కూర్చునేవాళ్లకూ, ఏ హోదా లేకుండా ఇంట్లోవాళ్ల కోసం వార్డు బయట బెంచీ మీద గంటలకొద్దీ కూర్చునేవాళ్లకూ ఇందులో పని ఉంది.

రాత్రి రెండు గంటల ప్రశ్న

ప్రతిపాదన ఏదైనా సరే, దాని పక్కన ఒక ప్రశ్న రాసుకోండి. ఇది అమల్లోకి వచ్చాక, రాత్రి రెండు గంటలకు వార్డులో డ్యూటీలో ఉన్న సిస్టర్ ఇవాళ చేయలేని పని ఏం చేయగలుగుతుంది? "నాణ్యత పెరుగుతుంది", "జవాబుదారీతనం వస్తుంది" అని సమాధానం వస్తే మళ్లీ అడగండి, ఎందుకంటే అందులో ఇంకా ఏమీ లేదు. "రోగికి బీపీ పడిపోతుంటే ఏ నంబరుకు ఫోన్ చేయాలో అందరికీ తెలిసి ఉంటుంది, ఆ ఫోన్ ఎత్తే డాక్టర్ బిల్డింగులోనే ఉంటారు, పిలిచినందుకు ఎవరూ విసుక్కోరు" అని వస్తే అది సమాధానం.

రాత్రి రెండే ఎందుకంటే, పగలు పెద్ద డాక్టర్లు ఉంటారు, ల్యాబు తెరిచి ఉంటుంది, మందుల స్టోరులో మనిషి ఉంటాడు, ఏదైనా లోటు ఉంటే పదిమంది కలిసి సర్దేస్తారు. రాత్రి ఆ సర్దేవాళ్లు ఉండరు కాబట్టి వ్యవస్థ ఎంత గట్టిగా ఉందో అప్పుడే బయటపడుతుంది. సెలవు రోజులు కూడా అంతే.

రెండో ప్రశ్న డబ్బు గురించి. ఈ మార్పు వల్ల ఆసుపత్రికి ఏం చేస్తే లాభం, ఏం చేస్తే నష్టం? అమెరికాలో పెద్ద వయసువాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్ 1983 నుంచి ఆసుపత్రులకు రోజుకింత, వస్తువుకింత అని ఇవ్వడం మానేసి, జబ్బును బట్టి ఒకే మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే రోగి ఎంత తొందరగా ఇంటికెళ్తే ఆసుపత్రికి అంత మిగులు. రోగులను బయటికి నెట్టేస్తారని కొందరు భయపడ్డారు, వృథా తగ్గుతుందని కొందరు సంతోషించారు. 1990లో రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థవాళ్లు కేస్ షీట్లు తిరగేసి చూస్తే, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి, భయపడినట్టు మరణాలు పెరగలేదు, కానీ ఇంకా కుదుటపడకుండానే ఇంటికి వెళ్లిపోయే రోగులు మాత్రం పెరిగారు. ఎవరికి కావలసిన ముక్క వాళ్లు పట్టుకుని వాదించుకోవడానికి ఇందులో బోలెడంత దొరుకుతుంది. మీరు మూడు ముక్కలూ కలిపి చదవండి. ప్యాకేజీ పద్ధతిలో చెల్లింపు వస్తోందంటే వద్దనక్కర్లేదు, దాంతోపాటు డిశ్చార్జ్‌కు ముందు రోజు నాడి, శ్వాస, జ్వరం, బీపీ, తిండి, నడక ఎవరు చూసి సంతకం పెడతారో కూడా అందులోనే రాయమని అడగండి.

"చేతి నుంచి కొంత కట్టిస్తే జనం అనవసరంగా రావడం మానేస్తారు" అనే వాదన కూడా తరచూ వినిపిస్తుంది. ఇదే రాండ్ సంస్థ 1970ల్లో వేల మందిని వేర్వేరు బీమా పథకాల్లో చేర్చి, ఏళ్ల తరబడి గమనించింది. డబ్బు కట్టాల్సి వచ్చినవాళ్లు రావడం తగ్గించారు, నిజమే. అయితే అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైన వైద్యాన్నీ దాదాపు అదే మోతాదులో తగ్గించుకున్నారు. బీపీ ఉన్న పేదవాళ్ల విషయంలో ఉచితంగా వైద్యం అందినవాళ్లకే బీపీ బాగా అదుపులో ఉంది. తన జబ్బులో ఏది అవసరం, ఏది అనవసరం అని తేల్చుకోవడానికే మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్తాడు కదా, ఆ తేల్చుకునే పనిని గుమ్మం దగ్గరే అతని నెత్తిన పెడితే జరిగేది ఇదే.

ప్రతి టార్గెట్‌కూ ఒక జత అంకె అడగండి

ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని నాలుగు గంటల్లోపు చేర్చుకోవడమో, పంపడమో జరగాలని 2000 తర్వాత టార్గెట్ పెట్టారు. గంటలకొద్దీ స్ట్రెచర్ల మీద పడి ఉండటం అప్పట్లో నిజంగా బాగా తగ్గింది, ఆ మేలును చిన్నది చేయకూడదు. కానీ రోగులు ఎప్పుడెప్పుడు ఎమర్జెన్సీ నుంచి కదిలారో గీత గీసి చూస్తే, నాలుగు గంటలు నిండటానికి సరిగ్గా ముందు ఒక్కసారిగా పెద్ద శిఖరం కనబడుతుంది. అంటే కొంతమందిని గడియారం చూసి కదిలించారన్నమాట.

ఇంగ్లండ్‌లోనే స్టాఫర్డ్ ఆసుపత్రి సంగతి ఇంకా బాధాకరం. 2005 నుంచి 2009 మధ్య అక్కడ యాజమాన్యం దృష్టంతా ఖాతాలు, టార్గెట్లు, పై హోదా తెచ్చుకోవడం మీద ఉండి, సిబ్బందిని తగ్గించుకుంటూ పోయింది. ఎమర్జెన్సీకి వచ్చిన రోగులను ముందుగా చూసి ఎవరిది ఎంత తీవ్రమో తేల్చే పని, ఏ వైద్య శిక్షణా లేని రిసెప్షనిస్టుల మీద పడింది. వార్డుల్లో ముసలివాళ్లకు నీళ్లు అందే చోట లేవు. 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 290 సిఫార్సులతో వచ్చింది. ఆ కాలమంతా ఆ ఆసుపత్రికి పైవాళ్లు అడిగే అంకెలు ఉన్నాయి, నివేదికలు ఉన్నాయి, తనిఖీలు ఉన్నాయి, రోగుల కుటుంబాలు మాత్రం మొత్తుకుంటూనే ఉన్నాయి.

అందుకని ఏ టార్గెట్ పెట్టినా దాని పక్కనే, అది చెడగొట్టే వీలున్న దాన్ని కొలిచే ఇంకో అంకె ఉండాలి. ఎమర్జెన్సీలో గడిపే సమయం కొలుస్తుంటే, పంపేసినవాళ్లలో మూడు రోజుల్లోపు మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమందో కొలవాలి. మళ్లీ చేరినవాళ్లకు ఆసుపత్రి మీద జరిమానా వేస్తుంటే, చేర్చుకోకుండా వెనక్కి పంపినవాళ్లు ఎంతమంది, ఇంట్లో చనిపోయినవాళ్లు ఎంతమంది అని చూడాలి. అమెరికా 2012 అక్టోబరు నుంచి అలాంటి జరిమానాలు వేసింది, మళ్లీ చేరడం తగ్గింది కానీ, గుండె వైఫల్యం ఉన్న రోగుల్లో దాని వల్ల మరణాలు పెరిగాయా లేదా అన్నదాని మీద పరిశోధకులు ఒక మాట మీదకు రాలేదు. జత అంకెను ముందునుంచే అనుకుని, సరిగ్గా సేకరించి ఉంటే ఆ తగువు ఇంత కాలం సాగాల్సిన పని లేదని నా అభిప్రాయం.

అంకెలు చదివేటప్పుడు

అవేడిస్ డొనబేడియన్ అనే ఆయన 1966లో వైద్యం నాణ్యతను చూడటానికి మూడు వైపులున్నాయని రాశారు. ఏం ఉంది, ఏం చేశారు, ఏం జరిగింది. మన చర్చలన్నీ మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి, ఎన్ని పడకలు, ఎన్ని మెషీన్లు, ఎంత పెద్ద బిల్డింగు అని. ప్రారంభోత్సవం చేయడానికి వీలైంది అదొక్కటే కాబట్టి కావచ్చు. మీరు రెండోదీ మూడోదీ అడగండి.

మూడోదాన్ని అడిగేటప్పుడు జాగ్రత్త. ఫలానా ఆసుపత్రిలో మరణాలు ఎక్కువ అనగానే అది చెడ్డదని అనుకోకండి, అందరూ చేతులెత్తేసిన కేసులన్నీ అక్కడికే వస్తుండవచ్చు. వయసు, జబ్బు తీవ్రత, మిగతా జబ్బులు లెక్కలోకి తీసుకుని సరిచేసిన అంకె కావాలి. న్యూయార్క్ రాష్ట్రం 1989 నుంచి గుండె బైపాస్ ఆపరేషన్లకు ఇలా సరిచేసిన లెక్కలు సేకరించి, తర్వాత బయటపెట్టింది, మరణాల రేటు తగ్గింది. మరీ సీరియస్‌గా ఉన్న రోగులను సర్జన్లు తప్పించుకుంటున్నారన్న ఆరోపణ కూడా అప్పటి నుంచే ఉంది. జత అంకె ఇక్కడా కావాలి.

ఇంకో సంగతి చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. పొరపాట్ల రిపోర్టులు ఎక్కువ వచ్చే వార్డు చాలాసార్లు మంచి వార్డే. అక్కడ చెప్పుకోవడానికి భయం లేదన్నమాట. ఏడాదంతా ఒక్క రిపోర్టు కూడా రాని వార్డును చూసి మెచ్చుకోకండి, వెళ్లి మాట్లాడండి.

పోయిన నెల నాలుగు ఇన్ఫెక్షన్లు, ఈ నెల రెండే, సగానికి తగ్గించాం అని మీటింగులో చప్పట్లు కొట్టించుకోవడం కూడా వద్దు. అంత చిన్న అంకెలు వాటంతటవే పైకీ కిందికీ ఊగుతాయి. నెలనెలా అంకెను వరసగా చుక్కలు పెట్టుకుంటూ వెళ్లి, మధ్యస్థ విలువ దగ్గర అడ్డంగా ఒక గీత గీయండి. వరసగా ఆరు చుక్కలో అంతకంటే ఎక్కువో గీతకు ఒకే వైపున పడితే నిజంగా ఏదో మారిందని అనుకోవచ్చు. కాగితం, పెన్సిలు చాలు, సాఫ్ట్‌వేర్ కొనేదాకా ఆగక్కర్లేదు.

ఒక్క హానిని పట్టుకోండి

ఇక ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల కోసం. "మొత్తం భద్రత" అని మొదలుపెడితే ఏమీ కాదు. ఒక్క వార్డు, ఒక్క రకం హాని తీసుకోండి. తప్పు మందు వెళ్లడం, మంచం మీద నుంచి పడిపోవడం, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఇన్ఫెక్షన్, పడుకుని పడుకుని ఒంటికి పుండ్లు పట్టడం, ఏదో ఒకటి. ఏది తీసుకోవాలో మీటింగ్ హాల్లో తేల్చకండి, వార్డు సిస్టర్లనూ, ఆయాలనూ, వార్డు బాయ్‌లనూ "ఈ వారంలో మీకు భయం వేసింది ఏది?" అని అడగండి. వాళ్ల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు.

తర్వాత వెళ్లి చూడండి. కాగితం మీద ఉన్న పద్ధతి వేరు, జరిగే పద్ధతి వేరు. మందులు ఇచ్చే వేళకు, ముందే చెప్పి, అనుమతి తీసుకుని ఒక మూల నిలబడండి. సిస్టర్ ట్రే పట్టుకుని మంచం దగ్గరికి వస్తుంది, "మీరు ఫలానా గారే కదా?" అంటుంది. జ్వరంతో మగతగా ఉన్న పెద్దాయన, సగం వినబడీ వినబడక "ఆ" అంటాడు. ఆవిడ ఏ పేరు చెప్పినా ఆయన ఆ అనేవాడే. ఒంట్లో బాగోలేనప్పుడు మనిషి తనకు వైద్యం చేసేవాళ్లకు ఎదురు చెప్పడు. అందుకే పేరు మనం చెప్పకూడదు, రోగి చేత చెప్పించాలి. "మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అని అడిగి, చేతికున్న బ్యాండుతోనూ, కేస్ షీటుతోనూ సరిచూడాలి. మాట్లాడలేని రోగి అయితే బ్యాండు మీద కనీసం రెండు వివరాలు కలవాలి. బెడ్ నంబరు గుర్తింపు కిందకు రాదు, సాయంత్రానికి బెడ్ మారిపోవచ్చు. ఖర్చులేని పని ఇది, రేపటి నుంచే చేయొచ్చు.

అదే మూల నిలబడి ఇంకొకటి లెక్కపెట్టండి. ఆవిడ మందులు లోడ్ చేస్తుండగా ఎన్నిసార్లు ఎవరో ఒకరు పిలిచారు? ఫోన్, రోగి తాలూకు బంధువు, డాక్టర్ గారి ప్రశ్న, సెలైన్ అయిపోయిందన్న కేక. ప్రతిసారీ ఆవిడ ఆగి, మళ్లీ ఎక్కడ ఆపిందో వెతుక్కుని మొదలుపెడుతుంది. తర్వాత డోసు తప్పిందని ఆవిడ మీద మెమో ఇస్తే ఆ పిలుపులు ఆగవు. ఆ అరగంట ఫోన్ ఇంకొకరు ఎత్తేలా, మందులు కలిపే బల్ల కాస్త పక్కగా ఉండేలా చూస్తే తప్పులు తగ్గే అవకాశం ఉంటుంది.

పరిష్కారాలన్నీ సమానం కావు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. "జాగ్రత్తగా ఉండండి" అనే సర్క్యులర్, గోడమీద పోస్టర్, ఒకరోజు ట్రైనింగ్, ఇవి అన్నిటికంటే బలహీనమైనవి. పనిని ఒకే పద్ధతిలోకి తేవడం, చెక్‌లిస్టు పెట్టడం కాస్త మెరుగు. తప్పు చేయడానికే వీల్లేకుండా చేయడం అన్నిటికంటే బలమైనది. పొటాషియం క్లోరైడ్ గాఢ ద్రావణాన్నే చూడండి. చూడటానికి నీళ్ల ఆంపుల్ లాగే ఉంటుంది, కలపకుండా నేరుగా రక్తనాళంలోకి వేగంగా వెళ్తే గుండె ఆగిపోతుంది. ఎన్నో దేశాల్లో ఇలా ప్రాణాలు పోయాయి. ఎంత మంచి సిస్టరైనా అలసిపోయిన రాత్రి ఒక ఆంపుల్ బదులు ఇంకోటి తీయవచ్చు. కాబట్టి ఆ ఆంపుళ్లను మామూలు వార్డుల నుంచే తీసేసి, ముందే కలిపిన సెలైన్ బ్యాగులు మాత్రం ఉంచాలన్నది మార్గం. ఇంగ్లండ్‌లో రోగి భద్రత కోసం పెట్టిన జాతీయ సంస్థ 2002లో ఇచ్చిన మొట్టమొదటి హెచ్చరిక దీని గురించే. మీ వార్డు బీరువాలో అవి ఇంకా ఉన్నాయేమో ఇవాళే తెరిచి చూడండి.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం అనుభవం కూడా ఈ దారిలోదే. అక్కడ పీటర్ ప్రోనోవోస్ట్ బృందం వందకు పైగా ఐసీయూలతో కలిసి సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్ల మీద పనిచేసింది. ఐదే పనులు: చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో తుడవడం, లైన్ వేసేటప్పుడు గౌను, మాస్కు, పూర్తిగా కప్పే షీటు వాడటం, వీలైతే తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం. 2006లో ఫలితాలు అచ్చయ్యేనాటికి, వెయ్యి లైన్-రోజులకు (ఒక రోగికి ఒక రోజు లైన్ ఉంటే ఒక లైన్-రోజు) 2.7గా ఉన్న మధ్యస్థ రేటు సున్నాకు వచ్చింది. అందరూ చెక్‌లిస్టు మహిమ అన్నారు. నా మటుకు నాకు కాగితం కంటే దాని చుట్టూ చేసిన పనులే ముఖ్యంగా కనిపిస్తాయి. కావలసిన సామానంతా ఒకే ట్రాలీలో పెట్టారు, డాక్టర్ ఒక మెట్టు దాటేస్తే ఆపే అధికారం సిస్టర్‌కు ఇచ్చారు, ఆ అధికారం వెనుక పెద్దలు నిలబడ్డారు, ప్రతి ఐసీయూకు దాని అంకె దానికి తిరిగి చూపించారు.

మార్పు ఏదైనా ముందు ఒక్క షిఫ్టులో, ఒక్క రోగి దగ్గర చేసి చూడండి. సాయంత్రం ఆ షిఫ్టు వాళ్లనే అడగండి, ఎక్కడ తట్టుకుంది, ఏది అడ్డం వచ్చింది అని. సరిచేసి, మర్నాడు ముగ్గురి దగ్గర చేయండి. ఆసుపత్రి మొత్తానికి ఒకేసారి సర్క్యులర్ ఇచ్చేస్తే రిజిస్టర్లు నిండుతాయి, పని మాత్రం పాత పద్ధతిలోనే సాగుతుంది.

చెక్‌లిస్టు ఎందుకు ఒకచోట పనిచేసి ఇంకోచోట పనిచేయదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ చెక్‌లిస్టులో 19 అంశాలుంటాయి. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో ప్రయోగించి 2009లో ఫలితాలు ప్రకటించారు, మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో దీన్ని అమలు చేస్తున్నామని ఆసుపత్రులు బహిరంగంగా లెక్క చెప్పాలని ప్రభుత్వం పెట్టింది, దాదాపు అందరూ వాడుతున్నట్టే చెప్పారు, 2014లో 101 ఆసుపత్రుల లెక్క చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. అమెరికాలోని సౌత్ కరోలినాలో ఇష్టపడి చేరి, కార్యక్రమం పూర్తిచేసిన 14 ఆసుపత్రుల్లో మాత్రం ఆపరేషన్ తర్వాత మరణాలు 22 శాతం తగ్గాయి.

సంస్కరణ వాదనల్లో ఇంతకంటే పనికొచ్చే ఉదాహరణ నాకు తెలియదు. కాగితం అదే, దాన్ని పట్టుకున్న తీరు వేరు. మీ థియేటర్లో అది నిజంగా జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే టిక్కులు లెక్కపెట్టకండి, కోత పెట్టే ముందు క్షణం చూడండి. అందరి చేతులూ ఆగాయా? ఒకరి పేరు ఒకరికి తెలుసా, కొత్తగా వచ్చిన టెక్నీషియన్ పేరుతో సహా? రోగి పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అన్నది గట్టిగా చెప్పారా? యాంటీబయాటిక్ గత గంటలోపు వెళ్లిందని మత్తు డాక్టర్ చెప్పారా, లేక ఆపరేషన్ అయ్యాక బయట కూర్చుని ఎవరో ఒకరు అన్నీ ఒకేసారి టిక్ పెట్టారా? "ఎవరికైనా ఏదైనా సందేహం ఉందా" అని సర్జన్ అడిగి, నిజంగా ఆగి వింటే, మిగతావి వాటంతటవే దారిలో పడతాయి.

మనుషులు లేకుండా ఏదీ నిలవదు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, ఆపరేషన్ రోగులు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. కాలిఫోర్నియా 2004 నుంచి నర్సుకు ఇంతమంది రోగులే అని చట్టం అమలు చేస్తోంది, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ 2016లో ఇలాంటిదే పెట్టింది. ఖర్చు పెరుగుతుందని అభ్యంతరం చెప్పేవాళ్లతో వాదించేటప్పుడు క్వీన్స్‌లాండ్ సంగతి చెప్పండి, మళ్లీ చేరడాలు, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గి మిగిలిన డబ్బు, అదనపు నర్సుల జీతాలను మించిందని 2021లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఒకరే ముప్పై మందిని చూస్తున్న వార్డుకు వెళ్లి చెక్‌లిస్టు గురించి క్లాసు తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

తప్పు జరిగిన రోజు

ముందు రోగి సంగతి చూడాలి. తర్వాత, అదే రోజు, కుటుంబంతో మాట్లాడాలి. ఏం జరిగిందో తెలిసినంతవరకు చెప్పి, తెలియనిది తెలియదని చెప్పి, క్షమించమని అడిగి, మళ్లీ ఎప్పుడు వచ్చి మిగతాది చెబుతారో చెప్పాలి. కేస్ షీటులో అప్పటికే రాసినదాన్ని దిద్దకూడదు.

విచారణలో ఒక్క ప్రశ్న ముందు వేసుకోండి. అంతే చదువు, అంతే అనుభవం ఉన్న ఇంకో మనిషిని ఆ రాత్రి ఆ చోట నిలబెడితే ఇదే జరిగేదా? జరిగేదే అనిపిస్తే ఆ మనిషిని సస్పెండ్ చేసి ప్రయోజనం లేదు, అక్కడ ఏదో మార్చాలి. తెలిసి తెలిసి ప్రమాదంలోకి నెట్టినవాళ్ల విషయం వేరు, దాన్ని వేరుగానే చూడాలి, కానీ అవి అరుదు.

చెప్పేవాళ్లను కాపాడటం మీద రాజీ పడకండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టర్ లెక్కలతో సహా ఏళ్ల తరబడి చెప్పారు. చివరికి ఆయనే దేశం విడిచి ఆస్ట్రేలియా వెళ్లారు. 2001లో విచారణ నివేదిక, 1991 నుంచి 1995 మధ్య అక్కడ చనిపోయిన పసిపిల్లల్లో 30 నుంచి 35 మంది వేరే కేంద్రాల్లో అయితే బతికేవాళ్లని తేల్చింది. ఆయన మాట మొదట్లోనే విని ఉంటే అన్న ఆలోచన వస్తే మనసు మెలిపెట్టినట్టు అవుతుంది.

మీరు రోగి తరఫు మనిషైతే

టెన్షన్‌లో అన్నీ గుర్తుండవు కాబట్టి కొన్ని రాసి పెట్టుకోండి. రోజూ పొద్దున రౌండ్స్‌లో "ఈ గొట్టం ఇంకా అవసరమా?" అని అడగండి, అది యూరిన్ గొట్టమైనా, చేతికి పెట్టిన సూదైనా సరే, ఒక్కో రోజు అదనంగా ఉన్నకొద్దీ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ముట్టుకునే ముందు చేతులకు శానిటైజర్ రాసుకోమని మర్యాదగా అడగవచ్చు, అందులో తప్పేం లేదు. షిఫ్టు మారే వేళకు రోగి దగ్గరే ఉండటానికి ప్రయత్నించండి, సమాచారం జారిపోయేది ఎక్కువగా అప్పుడే. డిశ్చార్జ్ రోజున కొత్త మందులేమిటో అందరూ చెబుతారు, పాతవాటిలో ఏది ఆపాలో మీరే అడగాలి. ఏం కనిపిస్తే వెంటనే వెనక్కి తీసుకురావాలో కూడా అడిగి, మీ మాటల్లో తిరిగి చెప్పి చూపించండి, తప్పుగా అర్థమైతే అక్కడే తెలిసిపోతుంది.

ఇదంతా పెద్ద చర్చ దాకా తీసుకెళ్లేటప్పుడు, కమిటీలోనో, సభలోనో, ఓటు అడగడానికి వచ్చినవాళ్ల దగ్గరో, విధానం మీద వాదన మొదలుపెట్టకండి. ఒక హాని పేరు చెప్పండి, గత ఏడాది అంకె అడగండి, దాని జత అంకె అడగండి, వచ్చే ఏడాదికి ఎంతకు తెస్తారో, అందుకు ఎవరు బాధ్యులో, ఏ తేదీకి చెబుతారో రాయించుకోండి. అంకె లేదంటే, దాన్ని సేకరించడమే మొదటి పని అని రాయించుకోండి. ఆ తేదీ వచ్చినప్పుడు ఫైలు ఒక్కటే తిరగేసి వచ్చేయకండి, రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లకు ఏం మారిందో కూడా అడిగి రండి.